జనగణనమున మన లెక్క: పేరు, వృత్తి, నివాసము

(వార్షిక మహాసభయందు గావింపబడిన యుపన్యాసము)



ఈ సభలో విద్యానిధినిగూర్చియో, విద్యార్థి వసతిగృహమునుగూర్చియో ప్రసంగింపుడని కొందఱు మిత్రులు మమ్ము కోరిరి. అవి ముఖ్యములైన విషయములే. కాని వానికంటె ముందుగా మన తలుపు తట్టనున్న కార్యమొకటి కలదు. భారతప్రభుత్వమువారు 2025 ఏప్రిల్ 30 వ తేదీన, రానున్న జనగణనమునందు కులమును గూడ లెక్కింప నిశ్చయించిరి. అదే సంవత్సరము జూన్ 16 వ తేదీన వెలువడిన ప్రకటనమున, మంచు కురియు ప్రదేశములు దక్క దేశమంతటికిని 2027 మార్చి 1 వ తేదీని గణనదినముగా నేర్పరచిరి. లెక్క వ్రాయువారు గడపయొద్ద నిలిచి "మీ కులమేమి?" యని యడిగినపుడు మనవా రేమని చెప్పవలెను? ఇదియే నేటి మా ప్రసంగవిషయము.

ఇది యొక్కమాటతో తీఱు ప్రశ్నయే కదా యని మీరనవచ్చును. కాని చూడుడు: మనలో నొకరు పద్మశాలి యందురు, ఒకరు సాలె యందురు, ఒకరు పట్టుశాలి యందురు, ఇంకొకరు నేతవారమని వృత్తిని చెప్పి యూరకుందురు. ఒక తల్లి బిడ్డలు నలుగురున్నచో ఒకడు సిరిసిల్లలో సాంచా నడపుచుండును. ఒకడు భివండిలో నుండును. ఒకడు సూరతులో స్థిరపడెను. నాలుగవవాడు హైదరాబాదులో గుమాస్తా. ఈ నలుగురిని నాలుగుచోట్ల నలుగురు లెక్కరులు వ్రాసికొందురు. అప్పుడు వారు ఒక్క కులమువారుగా తేలుదురా, నాలుగు కులములవారుగా తేలుదురా?

కులమనునది కదలని శిలవంటిదనియు, లెక్కపుస్తకము దానిని ఉన్నదున్నట్లు చూపు నద్దమువంటిదనియు పెక్కుమంది నమ్ముచున్నారు. ఈ రెండును నిజములు కావని మా మనవి. జనులు కదలుదురు; వృత్తులు మాఱును; పేర్లు మాఱును; లెక్కించువారు గీసిన గళ్లును మాఱును. మాఱనిది లెక్కవలన గలుగు ఫలము. అది తరతరములు మనలను వెంబడించును. కావున మనము చెప్పు మాట సత్యమై, ఏకరూపమై యుండవలెను.

మొదట జనుల కదలికను చూతము. మధ్యప్రదేశమునందు మందసోరు అను నగరము కలదు. దాని ప్రాచీననామము దశపురము. అచట దొరకిన యొక శాసనమున పట్టునేతగాండ్ర శ్రేణి కథ చెక్కబడియున్నది. ఆ శ్రేణివారు లాటదేశమున, అనగా నేటి గుజరాతు దక్షిణభాగమున, నివసించువారు. ఆ దేశమును విడిచి, ఆలుబిడ్డలతో దశపురము చేరిరి. అచట క్రీ. శ. 436 లో సూర్యదేవునకు ఆలయము గట్టించిరి. 473 లో దానిని బాగుచేయించిరి. శాసనకర్త వత్సభట్టి యను కవి. క్రొత్తయూరు చేరినపిమ్మట వారిలో కొందఱు విలువిద్య నేర్చిరనియు, కొందఱు కథలు చెప్పుటయందు ప్రవీణులైరనియు, కొందఱు జ్యోతిషము నభ్యసించిరనియు, కొందఱు యుద్ధవీరులైరనియు, మిగిలినవారు తమ నేతపనియందే మిన్నయై నిలిచిరనియు ఆతడు వ్రాసెను. వృత్తులు పలుతెఱగులైనను శ్రేణి యొక్కటిగానే నిలిచి గుడి బాగుచేయించుకొన్నది.

వారు మన పూర్వులని మేము చెప్పుటలేదు. అట్లు చెప్పుట కాధారము లేదు. కాని పదునైదువందల యేండ్లకు పూర్వమే నేతవారు ఊరు మార్చిరి, పని మార్చిరి, ఐనను తమవారిని తాము మఱవకుండిరి. నేడు సూరతులో దుకాణము పెట్టిన మనబిడ్డను చూచి "వీడు మగ్గము విడిచెను, మనవాడు కాడు" అనువారు ఆ శాసనమును స్మరింపవలెను.

ఇక లెక్కించువారి గళ్లసంగతి. కూనపులివారు పటము విప్పి మార్కండేయపురాణము చెప్పునపుడు, భావనఋషి తామరతూటి దారముతో దేవతలకు వస్త్రము నేసిన కథయు, మన గోత్రములును వినుచు పెరిగితిమి. అది మనలను మనము లెక్కించుకొన్న విధము. దొరతనమువారి లెక్క వేఱు. 1871 లో మద్రాసు రాజధానియందు కార్నిషు దొరగారి యాజమాన్యమున జనగణనము జరిగినపుడు హిందువులనెల్ల కొలదిపాటి తలకట్టుల క్రింద విభజించిరి. నేతపనివారి కందఱకును పెట్టిన తలకట్టు "కైకోలరు". అది తమిళదేశపు నేతవారి పేరు. పద్మశాలీలు, దేవాంగులు, తొగటవారు మొదలగు తెనుగు నేతవారందఱును ఆ పేరిక్రింద నొదుగవలసివచ్చెను. మన యిండ్లలో మగ్గములు మాఱలేదు, గోత్రములు మాఱలేదు; చెన్నపట్టణపు కచేరీలో మాత్రము మనము పేరు మాఱితిమి.

1881 ఫిబ్రవరి 17 వ తేదీన దేశమంతట ఒకేకాలమున లెక్క తీసికొనిరి. 1891 లో బెయిన్సు దొరగారు కులములను వానివాని పరంపరావృత్తినిబట్టి పేర్చిరి. 1901 లో రిస్లీ దొరగారు మఱియొక మార్గము త్రొక్కిరి: ఏ కులము పైది, ఏ కులము క్రిందిదని లోకులు భావింతురో విచారించి, ఆ వరుసను వ్రాయబూనిరి. అప్పటినుండి దేశమున కలకలము పుట్టెను. లెక్కపుస్తకములో తాము ఏ మెట్టుమీద నుందుమో యని ప్రతి కులమునకును బెంగ పట్టుకొనెను. 1911 లో వంగదేశమున ఈ విషయమై వచ్చిన యర్జీలను తూచినచో ఆ దేశపు తూకమున ఒకటిన్నర మణుగు తూగినవని అక్కడి యధికారులు వ్రాసియున్నారు.

ఇచట నొక చేదునిజమును చెప్పక తప్పదు, పెద్దలు క్షమింతురుగాక. ఇట్టి కులసభలు పెక్కు ఆ కాలపు బిడ్డలే. అర్జీ వ్రాయుటకు సంఘము కావలెను, సంఘమునకు అధ్యక్షుడు కావలెను, ఏటేట సభ కావలెను. మనవారిలో కొందఱు పద్మబ్రాహ్మణులమనిరి. దేవాంగులలో కొందఱు దేవబ్రాహ్మణులమనిరి. మధురలోని సౌరాష్ట్ర నేతవారు సౌరాష్ట్ర బ్రాహ్మణులమనిరి. వారిని మేము గేలిసేయము. నలుగురిలో తలయెత్తుకొని తిరుగవలెనను కోరిక వారిది. ఆ కోరికయే పిమ్మట పాఠశాలలకును, వసతిగృహములకును, వేతనములకును దారితీసినది. కాని పేరు మార్చుకొన్నమాత్రమున పూట గడువదని వారికిని తెలిసివచ్చినది.

పేర్లు మాఱుటచే లెక్క యెట్లు తలక్రిందులగునో 1931 నాటి మద్రాసు గణనాధికారి యీట్సు దొరగారు చూపిరి. 1921 లో అంబట్టనులని వ్రాయించుకొన్న తమిళదేశపు క్షౌరవృత్తివారు 2,27,000 మంది యుండగా, 1931 లో ఆ పేరు చెప్పినవారు 10,000 మందియే. తక్కినవారేమైరి? మశూచి రాలేదు, కఱవు రాలేదు. వారు నావితనులనియు, నాయీబ్రాహ్మణులనియు, ఇతరనామములతోను వ్రాయించుకొనిరి. మనుష్యులు క్షేమముగా నుండిరి. పట్టికలో మాత్రము అదృశ్యులైరి. పేర్లిట్లు నిలుకడ లేనివైనపుడు కులముల లెక్క కట్టుట వ్యర్థమని ఆ దొరగా రభిప్రాయపడిరి.

1941 లో కులముల పట్టికలు తయారు కాలేదు. స్వాతంత్ర్యానంతరము 1951 మొదలు 2011 వఱకు జరిగిన దశవార్షిక గణనములలో షెడ్యూల్డు కులములను, తెగలను దక్క తక్కిన కులముల పట్టికలు ప్రకటింపలేదు. దీనిఫలమేమి? వెనుకబడిన తరగతుల స్థితిని విచారించుటకు నియమింపబడిన మండలు కమీషనువారు 1980 లో నివేదిక నర్పించునపుడు, వెనుకబడినవారు నూటికి 52 మంది యని అంచనా కట్టుటకు 1931 నాటి లెక్కనే యాధారముగా గొనవలసివచ్చెను. మహాశయులారా! మన తాతలు 1931 లో అరుగుమీద గూర్చుండి, లెక్కరి యడిగినపుడు అప్పటికి తోచినట్లు చెప్పిన మాట, సుమారు ఏబదియేండ్ల తరువాత వారి మనుమల యుద్యోగములను నిర్ణయించు వాదములలో సాక్ష్యమైనది. తాతకు ఆ సంగతి తెలియదు. మనకు తెలియును. మనము తోచినట్లు చెప్పుటకు వీలులేదు.

పేరునుబట్టి కలుగు లాభనష్టములకు ఇంకొక నిదర్శనము. విదర్భలో కోష్టీలను నేతకులమువారు కలరు. వారిలో కొందఱు హల్బాకోష్టీలమని చెప్పుకొందురు. హల్బా యనునది షెడ్యూల్డు తెగల పట్టికలో నున్న పేరు. ఆ పేరిట వారికి ఆ సౌకర్యములు చెందునా యను వివాదము చాలకాలము నడిచి, 2000 నవంబరులో సుప్రీంకోర్టువారు చెందవని తీర్పుచెప్పిరి. రాష్ట్రపతి యుత్తర్వులో నున్న పేరు నున్నట్లు చదువవలెనేగాని, విచారణ జరిపి దానికి వేఱు పేరు చేర్చుట తగదనిరి. పట్టికలో నొక మాట యుండుటయు, లేకుండుటయు వేలకొలది కుటుంబముల బ్రతుకుతెరువైనది.

మన సంగతి చూడుడు. ఆంధ్రప్రదేశమున 1970 లో ఏర్పడిన వెనుకబడిన తరగతుల పట్టికయందు పద్మశాలీలు, దేవాంగులు, తొగటవారు, కైకాలవారు, జాండ్రవారు, స్వకులశాలీలు మొదలగు నేతకులములు "బి" గుంపున చేర్పబడిరి. మహారాష్ట్రమున పద్మశాలీలు ప్రత్యేక వెనుకబడిన వర్గమను వేఱు గుంపున, నూటికి రెండుపాళ్ల కోటాలో, కోష్టీలు మొదలగువారితో కలిసియున్నారు. ఒక్క యింటి యన్నదమ్ములు సరిహద్దు కీవలనొకడు, ఆవలనొకడు నివసించినయెడల రెండు తరగతులవారగుదురు.

ఆ యన్న ఆవలికేల పోయెను? పందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమునుండి నైజాము రాష్ట్రపు తెలుగు పల్లెలలోని మనవారు కఱవులకును, మిల్లుబట్ట పోటీకిని తాళలేక షోలాపురము చేరుచువచ్చిరి. అచట 1870 లలో నూలుమిల్లు వెలసినది. మనవారు మిల్లులలో కూలిచేసిరి, మగ్గములు పెట్టిరి, దుప్పట్లు నేసి ఆ యూరికి పేరు తెచ్చిరి. బొంబాయిలోని కామాఠీపురమునకు ఆ పేరు వచ్చినది తెలుగుదేశపు కూలీలగు కామాఠీలవలననే. తరువాతి తరములవారు భివండికిని, సూరతునకును మరమగ్గముల వెంట పోయిరి. వారి బిడ్డలు మరాఠీలోనో, గుజరాతీలోనో చదువుకొందురు. ఇంట తెలుగు మాటాడుదురు.

కొందఱు మాత్రము అడుగు కదపకయే పరరాష్ట్రీయులైరి. బరంపురమునందలి దేవాంగ సోదరులు తెలుగుదేశమునుండి పోయి యచట పట్టుచీరలు నేయుచు స్థిరపడినవారు. ఆ పట్టణము గంజాముజిల్లాతో మద్రాసు రాజధానిలో నుండెడిది. 1936 ఏప్రిల్ 1 వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు అది యందు చేరినది. నాటిరాత్రి మద్రాసువారై నిద్రించి, తెల్లవారి ఒరిస్సావారై మేల్కొనిరి. జనులే కదలుదురని యనుకొంటిమి. ఎల్లలును కదలునని దీనివలన తెలియవలెను.

వలసపోయినవాని కులము మాఱకపోయినను హక్కు మాఱును. 1990 లో సుప్రీంకోర్టు ముందునకు ఆంధ్రప్రదేశమునుండి బొంబాయికి పోయిన కుటుంబమునకు జెందిన షెడ్యూల్డు తెగ విద్యార్థి వ్యాజ్యమొకటి వచ్చెను. పుట్టిన రాష్ట్రమున గల హోదా వలసవచ్చిన రాష్ట్రమున చెల్లదని తీర్పయ్యెను. పొట్టకూటికై ఊరు విడిచినవారు ఈ సంగతి తెలిసికొని తమ పత్రములను భద్రపఱచుకొనవలెను.

ఇక వృత్తి. 2009-10 నాటి చేనేత గణనములో నేతవారును, వారికి తోడ్పడు పనివారును దేశమున 43.31 లక్షలుండిరి, 2019-20 నాటి గణనములో 35.22 లక్షలు. పదియేండ్లలో ఎనిమిది లక్షలు తగ్గిరి. కులము తగ్గలేదు, మగ్గము తగ్గెను. కులపు లెక్క వేఱు, వృత్తి లెక్క వేఱని దీనివలన స్పష్టము. కులము పేరుచూచి "వీరందఱు నేతగాండ్రే" యని తలంచు ప్రభుత్వమును, మగ్గములు మాత్రము లెక్కించి "నేతవారు ఇంతమందియే" యను ప్రభుత్వమును సమానముగా పొరపడును.

ఆ పనివారిలో నూటికి డెబ్బదిమందికి పైగా స్త్రీలు. ఆసుపోయునది స్త్రీ, కండెలు చుట్టునది స్త్రీ, నూలునకు గంజి పట్టించునది స్త్రీ. ఐనను లెక్కరి "ఈమె యేమి చేయును?" అనిన, ఇంటి యజమాని "ఇంటిపని" యని చెప్పి పంపును. తల్లి లక్ష్మమ్మగారు ఆసుపోయుచు చేయినొప్పితో బాధపడుట చూడలేక చింతకింది మల్లేశముగారు ఆసుయంత్రమును నిర్మించి, దానికామె పేరే పెట్టిరి. 2017 లో వారికి పద్మశ్రీ బిరుదము లభించెను. ఆ కుమారునకు గనబడిన పని జనగణనపు గడిలో గనబడకపోవుట ఎవరి తప్పు? లెక్కరిది కాదు, చెప్పిన మనది.

రక్తమునుగూర్చి యొక్కమాట. రిస్లీ దొరగారును, చెన్నపట్టణపు మ్యూజియమధికారి థర్‌స్టన్ దొరగారును మనుష్యుల ముక్కులను, తలలను కొలిచి జాతులను నిర్ణయింపజూచిరి. ఆ శాస్త్రము నిలువలేదు. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధనాలయమువారు విదేశ శాస్త్రజ్ఞులతో కలిసి 73 జనసమూహముల వంశబీజములను పరిశీలించి 2013 లో ఒక పరిశోధనమును ప్రకటించిరి. సుమారు 4,200 నుండి 1,900 సంవత్సరములకు పూర్వపు కాలమున ఈ దేశపు జనులు విరివిగా కలిసిపోయిరనియు, పిమ్మట తమలోతామే వివాహములాడుట బలపడెననియు దాని సారాంశము. అనగా ఏ కులమును ఆదినుండి వేఱుగా నుండలేదు. అందఱము కలిసినవారమే, తరువాత తలుపులు మూసికొన్నవారము. ఈ సత్యము తెలిసినవారు తాము హెచ్చనియు గర్వింపరు, ఒరుల తగ్గింపరు.

ఇన్నియు చెప్పినపిమ్మట కర్తవ్యమును సంగ్రహముగా మనవిచేసెదము.

మొదటిది: ఇంటిల్లిపాదియు ముందుగా మాటాడుకొని, తమ రాష్ట్రపు పట్టికలో నున్న పేరునే కులనామముగా చెప్పవలెను. బిరుదములు, వర్ణనామములు, ఇంటిపేర్లు ఆ గడిలో చెప్పరాదు. సభలో ఏ బిరుదమైనను ధరింపవచ్చును, లెక్కలో చెదరిపోరాదు.

రెండవది: వృత్తి యడిగినపుడు నేడు చేయుచున్న పనినే చెప్పవలెను. మగ్గము విడిచినవాడు విడిచితినని చెప్పుట సిగ్గు కాదు. ఎందఱు విడిచిరో తెలిసిననేగాని ఏల విడిచిరని ప్రభుత్వము విచారింపదు. స్త్రీలు చేయు ఆసు, కండెల పనిని పనిగానే చెప్పవలెను. సోదరీమణులారా! పురుషుడు మఱచినచో మీరే ముందునకు వచ్చి చెప్పుడు.

మూడవది: వలసలోనున్నవారు జన్మస్థలమును, మాతృభాషను నిజముగా చెప్పవలెను. షోలాపురమునందు పుట్టినను ఇంట తెలుగు మాటాడువాడు తెలుగని చెప్పుటలో ఆ రాష్ట్రమునకు ద్రోహము లేదు.

నాలుగవది మన సంఘమునకు. మన స్వచ్ఛందసేవకులు ఇల్లిల్లు తిరిగి తెలియజెప్పవలెనేగాని ఎవ్వరిని నిర్బంధింపరాదు. సంఖ్య పెంచుకొను నాసతో అసత్యము చెప్పింపరాదు. 1948 నాటి జనగణన చట్టము ప్రకారము అసత్యము చెప్పుట నేరము, వ్యక్తుల వివరములు రహస్యములు. అన్యకులమున వివాహమాడిన మన బిడ్డలు తమ సంతానమున కేమి వ్రాయింతురో అది వారి యిష్టము. ఏ కులమును చెప్పుటకు సమ్మతింపనివారిని నిందింపరాదు.

ఇందుకు కొందఱు "ఎంత సంఖ్య చూపిన అంత బలము కదా, ఇంత సత్యసంధత యేల?" యని యడుగవచ్చును. వారికి మా ప్రత్యుత్తరమిది. పడుగులో నొక్క పోగు తెగినచో, ఆ సంగతి నేతగాడు దాచినను, బట్ట దాచదు. ఒకనాడు హెచ్చు వర్ణము కోరి ఒక పేరు చెప్పితిమి. నేడు సౌకర్యము కోరి వేఱొక పేరు చెప్పినచో, రేపు మన మాటను నమ్మువాడెవడు? 1931 లో తాతలు తెలియక చెప్పిరి. 2027 లో మనము తెలిసి చెప్పబోవుచున్నాము. మన మనుమలు ఆ లెక్కను విప్పి చూచునపుడు, మన మెంతమందిమో యనుటకంటె మన మెట్లు బ్రతికితిమో, ఎక్కడెక్కడికి పోయితిమో, ఏయే పనులు పట్టితిమో వారికి తేటగా తెలియవలెను.

 భావనఋషి సంతతివారమని చెప్పుకొను మనకు మార్కండేయస్వామి దీర్ఘాయువును, సత్యనిష్ఠను ప్రసాదించుగాక.

స్వస్తి.